మాస్టర్ జేబులోని లెక్కల పట్టీ

మిల్లులో పని చేసిన మనోళ్లు చాలామంది దాన్ని చూసే ఉంటారు, పేరు మాత్రం తెలిసి ఉండదు. వీవింగ్ మాస్టర్ జేబులోంచి తెల్లటి పట్టీ ఒకటి బయటికి కనబడేది. జానెడు మీద నాలుగు వేళ్ల పొడుగు. సాంచె దగ్గర నిలబడి, దాని నడుమ ఉన్న నాలుకను కొంచెం జరిపి, అద్దం ముక్కలోంచి చూసి ఒక అంకె చెప్పేవాడు. జాబరు రాసుకునేవాడు. ఎవరి సాంచె ఎంత నడిచింది, ఎవరి పని ఎంత తగ్గింది అంతా ఆ పట్టీకే తెలుసని మనం అనుకునేవాళ్లం.

దాని పేరు స్లైడ్ రూల్. మా ఖాతాలో లెక్కల పట్టీ అనేవాళ్లం. ఇప్పుడు దానితో ఎవరూ పని చేయట్లేదు. పాత సామాన్లు పోగుచేసే సరదా ఉన్నవాళ్లు మాత్రం వెతికి వెతికి కొంటున్నారు.

నేను నాలుగో తరగతి వరకే చదివినవాణ్ణి. 1978లో షోలాపూర్‌లో ఒక మిల్లులో బదిలీ పనికి చేరి, పర్మనెంటై, మిల్లు మూతపడేదాకా సాంచె ఖాతాలోనే ఉన్నాను. ఈ పట్టీ సంగతి కొంత మా మాస్టర్ చెప్పగా విన్నాను. దేశదేశాల చరిత్ర మా మనవడు చదివి వినిపించాడు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన పిల్లలు ఇవాళ కూడా టవల్ కార్ఖానాల్లో, చద్దర్ కార్ఖానాల్లో మీటరుకింత, నగానికింత అని కూలి తీసుకుంటున్నారు. చేతికి వచ్చిన డబ్బు లెక్కపెట్టుకుంటారు గానీ, అది ఏ లెక్కన వచ్చిందో చూసుకునేవాళ్లు తక్కువ.

రెండు కాగితం పట్టీలు చాలు

స్లైడ్ రూల్ ఎట్లా పని చేస్తుందో చెప్పడం కష్టం కాదు. రెండు మామూలు స్కేళ్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. కింది స్కేలు మీద 2 దగ్గర పై స్కేలు సున్నా పెట్టండి. పై స్కేలులో 3 ఎక్కడుందో దాని కింద చూస్తే 5 కనబడుతుంది. రెండు పొడుగులు కలిస్తే కూడిక అయింది. ఇది చిన్నపిల్లలకీ అర్థమవుతుంది.

మరి గుణకారం ఎట్లా? దానికి గీతలు వేరే రకంగా గీయాలి. మామూలు స్కేలు మీద అంకెల మధ్య దూరం ఒక్కటే. లెక్కల పట్టీ మీద 1 నుంచి 2కి చాలా దూరం, 2 నుంచి 3కి కొంచెం తక్కువ, 9 నుంచి 10కి మరీ దగ్గర. ఎంతెంత దూరంలో గీయాలో కనిపెట్టినాయన స్కాట్లండ్ దేశపు జాన్ నేపియర్. 1614లో పుస్తకం అచ్చువేశాడు. గుణకారాన్ని కూడికగా మార్చే ఆ అంకెలనే లాగరిథమ్స్ అంటారు. తర్వాత ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషాయన వాటిని ఒక కర్ర మీద గీతలుగా గీశాడు. విలియం ఆట్రెడ్ అనే చర్చి ఫాదర్ అట్లాంటి రెండు గీతలను పక్కపక్కన పెట్టి జరిపాడు. 1632 నాటికి ఆయన పద్ధతి అచ్చులోకి వచ్చింది. మన మాస్టర్ జేబులోని పట్టీకి మూలం అదే.

ఇంట్లోనే చేసి చూడండి. అట్ట కోసి 25 సెంటీమీటర్ల పట్టీలు రెండు చేయండి. రెండింటి మీదా ఒకే రకంగా గుర్తులు పెట్టాలి. మొదట్లో 1 రాయండి. అక్కడి నుంచి 7.5 సెంటీమీటర్ల దగ్గర 2, 11.9 దగ్గర 3, 15.1 దగ్గర 4, 17.5 దగ్గర 5, 19.5 దగ్గర 6, 21.1 దగ్గర 7, 22.6 దగ్గర 8, 23.9 దగ్గర 9, చివర 25 దగ్గర 10. అంతే, పట్టీ తయారు. కింది పట్టీ 2 మీద పై పట్టీ 1 పెట్టండి. పై పట్టీ 4 కింద చూడండి, 8 ఉంటుంది. పట్టీ కదపకుండానే పైన 3 కింద చూస్తే 6 ఉంటుంది. భాగహారం కావాలంటే తిరగేసి చదవడమే: కింది 8 మీద పై 4 పెడితే, పై 1 కింద 2 కనబడుతుంది.

మిల్లులో దీని అసలు ఉపయోగం ఇంకొకటి ఉంది. 40 గజాల బట్టకి 6 పౌండ్ల పేక నూలు పడుతుంది అనుకోండి. కింది 4 మీద పై 6 పెడితే చాలు. కింద 5 ఉన్నచోట పైన 7న్నర, కింద 6 ఉన్నచోట పైన 9, కింద 7 ఉన్నచోట (పట్టీ చాలకపోతే నాలుకను రెండో కొసకి జరిపి) 10న్నర వస్తాయి. అంటే 50 గజాలకి 7న్నర పౌండ్లు, 60కి 9, 70కి 10న్నర. ఒక్క జరుపుతో ఒక చిట్టా మొత్తం కళ్ల ముందుకొస్తుంది. అందుకే మాస్టర్లకి అదంటే ప్రాణం. మాంచెస్టర్‌లో ఎ.జి. థార్న్‌టన్ అనే కంపెనీ ఇట్లాంటి పట్టీలు చేసేది. జపాన్‌లో హెమ్మీ కంపెనీ వెదురుతో చేసేది. వెదురు ఎండకీ తేమకీ అంతగా వంకర పోదు కాబట్టి నాలుక మెత్తగా జారేది.

సున్నాలు ఎవరు పెట్టాలి

పట్టీకి ఒక గుణం ఉంది. 7న్నర అని చెబుతుందే గానీ, అది 7న్నరా, 75ఆ, 750ఆ అనేది చెప్పదు. సున్నాలు మనిషి తలలో ఉండాలి. ముందే మనసులో అందాజు వేసుకోనివాడికి పట్టీ పనికిరాదు. మా మాస్టర్ కొత్త అప్రెంటిస్‌లకి పట్టీ ఇచ్చేముందు నోటిలెక్క అడిగేవాడు. "జవాబు వేలల్లో వస్తదా, లక్షల్లో వస్తదా ముందు చెప్పు, తర్వాత పట్టీ ముట్టు" అనేవాడు.

రెండో గుణం, పట్టీ మూడు అంకెల దాకానే నమ్మకంగా చెబుతుంది. 74,880ని అది 749 అనే చూస్తుంది. చక్రం పళ్లు ఎంచుకోవడానికి, నూలు ఆర్డరు అందాజుకి అది చాలు. పగారు పైసలకి చాలదు. ఆ పనికి ఆఫీసులో కారకూన్ల దగ్గర రెడీ రెకనర్ పుస్తకాలు, చేతితో పిడి తిప్పే లెక్కల మిషన్లు ఉండేవి. పొడుగు పట్టీ అయితే ఇంకా సూక్ష్మంగా చెబుతుంది. 1878లో జార్జ్ ఫుల్లర్ అనే ప్రొఫెసరు గీతను పీపా మీద పాములాగా చుట్టి, 500 ఇంచుల పొడుగు గీతను చేతిలో పట్టేటట్టు చేశాడు. అంటే నలభై అడుగులు దాటిన పట్టీ అన్నమాట.

ముందు ఎవరి చేతికి వచ్చాయి

ఈ చరిత్ర వింటుంటే నాకొకటి తోచింది. లెక్క పనిముట్లు ఎక్కువగా ముందు వసూలు చేసేవాళ్ల చేతికే వచ్చాయి. ఇంగ్లండులో 1683లో థామస్ ఎవరార్డ్ అనే ఆయన ఒక స్లైడ్ రూల్ చేశాడు. ఆయన పన్నుల శాఖ మనిషి. బీరు పీపాలో ఎంత సరుకుందో కొలిచి పన్ను వేయడానికి ఆ పట్టీ. ఫ్రాన్సులో బ్లేజ్ పాస్కల్ 1642లో పళ్ల చక్రాలతో కూడికల పెట్టె చేశాడు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తండ్రి రూవాన్ పట్నంలో పన్నుల అధికారి, రాత్రింబగళ్లు లెక్కలతో సతమతమవుతుంటే చూడలేక చేశాడు. తర్వాత జేమ్స్ వాట్ ఫ్యాక్టరీలో ఆవిరి ఇంజన్లు కట్టేవాళ్లు స్లైడ్ రూల్ వాడారు. ఫ్రెంచి సైనికాధికారి మాన్‌హైమ్ 1850ల్లో దాని మీద జారే గీత బిగించాడు. మన మాస్టర్ చూసే అద్దం ముక్క అదే. చంద్రుడి మీదికి పోయిన అపోలో వాళ్లు కూడా పికెట్ కంపెనీ పట్టీని వెంట తీసుకుపోయారు.

1972లో హెచ్‌పీ-35 అనే జేబు కాలిక్యులేటర్ అమెరికాలో వచ్చింది. ధర 395 డాలర్లు. అంత ఖరీదైనా నాలుగైదేళ్లలోనే స్లైడ్ రూల్ కథ ముగిసిపోయింది, పెద్ద పెద్ద కంపెనీలు చేయడం ఆపేశాయి. మన మిల్లుల్లో మాత్రం పాత మాస్టర్ల జేబుల్లో ఇంకొన్నాళ్లు బతికింది.

నేతగాడి అట్టముక్కలు

లెక్కల మిషన్ల చరిత్రలో మన కులవృత్తికి పెద్ద చోటుంది. ఫ్రాన్సులో లియోన్ పట్నంలో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో తన సాంచె చేశాడు. మన షోలాపూర్ చద్దర్ మీద పువ్వులు పడేది ఆయన పేరున్న జకార్డ్ మీదే కదా. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది దూరి పోతుంది, కొక్కెం లేస్తుంది, పడుగు పోగు పైకి వస్తుంది. రంధ్రం లేకపోతే పోగు కిందనే. ఉంది, లేదు. ఈ రెండు మాటలతోనే ఎంత పెద్ద డిజైనయినా నేయొచ్చు. 1839లో జకార్డ్ బొమ్మనే పట్టు మీద నేశారు. దానికి దాదాపు 24,000 అట్టలు పట్టాయట.

ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ దగ్గర ఆ పట్టు బొమ్మ ఉండేది. పోగుల్ని నడిపే అట్టలు అంకెల్ని ఎందుకు నడపలేవు అని ఆయన పెద్ద లెక్కల ఇంజన్‌కి అదే పద్ధతి తీసుకున్నాడు. ఆ ఇంజన్ ఆయన బతికుండగా పూర్తి కాలేదు. అమెరికాలో హెర్మన్ హొలెరిత్ 1890 జనాభా లెక్కలకి రంధ్రాల కార్డులే వాడాడు. ఆయన కంపెనీ ఇంకొన్నింటితో కలిసి తర్వాత ఐబీఎం అయింది. కంప్యూటర్ పని నేర్చుకుంటున్న మన పిల్లలకి ఈ సంగతి చెప్పండి. వాళ్ల తాతలు భుజాన మోసిన అట్టల దండకీ, వాళ్ల పనికీ చుట్టరికం ఉంది.

ఆ లియోన్‌లోనే ఇంకొకటి జరిగింది. 1831లో పట్టు నేతగాళ్లు కూలి రేట్ల కోసం తిరగబడ్డారు. ఏ బట్టకి ఎంత కూలి అని ఒక రేట్ల చిట్టా ఒప్పుకున్నాక, కొందరు యజమానులు అది ఇవ్వమన్నారు. గొడవ అక్కడ మొదలైంది. సాంచె ఎంత తెలివైనదైనా, కూలి లెక్క ఎవరు కడతారనే ప్రశ్న అట్లాగే మిగిలింది.

పిక్ గడియారం చెప్పని లెక్క

మా ఖాతాలోనూ అదే ప్రశ్న వచ్చింది. నాడె ఒకసారి అటు నుంచి ఇటు పోతే ఒక పిక్కు. సాంచెకి బిగించిన పిక్ గడియారం ఆ పిక్కులు లెక్కపెట్టేది. పాళీకో అంకెల వరస. పాళీ మారగానే కారకూన్ వచ్చి రాసుకుపోయేవాడు, ఆ అంకె మీదే పగారు.

నాకు రెండు సాంచెలుండేవి. ఒకసారి ఒక సాంచె గడియారం లోపల పళ్ల చక్రం అరిగి మధ్యమధ్యలో జారేది. రెండు సాంచెలూ సమానంగా నడిచినా, దాని అంకె ప్రతి పాళీకి తక్కువ వచ్చేది. పగారు చీటీ చూసి జాబరుని అడిగితే "గడియారం ఎంత చెబితే అంత, నేనేం చెయ్యాలె" అన్నాడు. గడియారం మీద మాట చెల్లదని అందరూ అనుకునే రోజులవి. ఇంట్లో మా అమ్మకి మందులు, చిన్నోడి ఫీజు. చీటీ పట్టుకుని నిలబడిపోయాను.

మా వరసలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన చదువూ నా అంతే. నన్ను పిలిచి, "గడియారం అబద్ధం చెప్తదేమో గానీ బట్ట చెప్తదార? ఫోల్డింగ్ ఖాతాల నీ బట్ట ఎన్ని గజాలు వచ్చిందో అడిగి రాపో" అన్నాడు. మిల్లులో మీటర్లు వచ్చి ఏళ్లయినా ఆయన గజాల్లోనే మాట్లాడేవాడు. నేను పోయి కనుక్కొచ్చాను. పాళీకి సగటున 40 గజాలు.

ఆయన సుద్దముక్క తీసి సాంచె పక్క రేకు మీద రాశాడు. గజానికి 36 ఇంచులు, 40 గజాలకి 1,440 ఇంచులు. ఆ బట్టలో ఇంచికి 52 పిక్కులు. 1,440ని 52తో గుణిస్తే 74,880 పిక్కులు. గడియారం చూపింది సుమారు 66,000. అంటే పాళీకి 8,880 పిక్కులు మాయం. ఆ చీటీలో 12 పాళీలున్నాయి. మొత్తం 1,06,560 పిక్కులు. ఆ ఒక్క సాంచె మీద నేను దాదాపు ఒకటిన్నర రోజు ఉత్తిగా నేసినట్టు లెక్క.

మేమిద్దరం మాస్టర్ దగ్గరికి పోయాం. ఆయన రేకు దాకా వచ్చి చూశాడు. ఏం మాట్లాడకుండా పట్టీ తీసి రెండుసార్లు జరిపాడు. తర్వాత ఇంకో లెక్క చూశాడు: సాంచె నిమిషానికి 180 పిక్కులు నడుస్తుంది, ఎనిమిది గంటల్లో ఆగకుండా నడిస్తే 86,400. అందులో 74,880 అంటే నూటికి 86 దాటి, 87 లోపల. నా రెండో సాంచె ఎఫిషెన్సీ కూడా అంతే ఉంది. "గడియారం మార్పించండి, తేడా వచ్చే చీటీలో కలపండి" అని జాబరుకి చెప్పాడు. తేడా వచ్చింది. పైసలతో సహా ఎంతో ఆఫీసులో మళ్లీ కాగితం మీద లెక్క కట్టి ఇచ్చారు.

సుద్దముక్కా, మాస్టర్ పట్టీ ఒకే అంకె చెప్పాయి. మాస్టరుకి అర నిమిషం పట్టింది, పెద్దాయనకి ఐదు నిమిషాలు. అంతే తేడా. ఆ రోజు నుంచి నేను గడియారం అంకెతో పాటు బట్ట గజాలు కూడా చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. మా వరసలో ఇంకో ఆరేడుగురు మొదలుపెట్టారు.

లాంకషైర్‌లో లెక్కల పరీక్ష

మన మిల్లులకి నమూనా అయిన లాంకషైర్ నేతగాళ్లు ఈ పని మనకంటే ముందే చేశారు. అక్కడ కూలి పిక్కుల మీద, బట్ట వెడల్పు మీద, నూలు కౌంటు మీద కట్టేవాళ్లు. చిక్కు లెక్క. అందుకని అక్కడి నేత సంఘాలు సెక్రటరీని తీసుకునేటప్పుడు ఉపన్యాసం ఎంత బాగా ఇస్తాడని మాత్రమే చూసేవి కావు, లెక్కల పరీక్ష పెట్టేవి. యజమాని కట్టిన కూలిని తిరిగి కట్టి చూపగలిగినవాడే సెక్రటరీ.

1891లో ఇంగ్లండు ఫ్యాక్టరీ చట్టంలో ఒక మాట చేర్చారు. బట్ట మిల్లులో పీసు రేటు మీద పని చేసే నేతగాడికి, అతని కూలి లెక్క కట్టుకోవడానికి కావాల్సిన వివరాలు యజమాని రాసి ఇవ్వాలి. అవి లేకపోతే ఎంత లెక్క వచ్చినా కట్టేదేముంది? మరుసటి ఏడు నేత సంఘం నాయకుడు థామస్ బర్ట్‌విజిల్‌నే ఆ వివరాలు తనిఖీ చేసే ఇన్స్పెక్టరుగా వేశారు.

పాతవి భంగారుకి వేయకండి

మిల్లు మూతపడ్డాక ఆఫీసు సామాను కిలోల లెక్కన భంగారు దుకాణానికి పోయింది. అందులోంచే నేనొక స్లైడ్ రూల్ కొనుక్కున్నాను, అద్దం కొంచెం పగిలింది. మీ ఇళ్లల్లో అటక మీద పట్టీ గానీ, పాత పిక్ గడియారం గానీ, రెడీ రెకనర్ పుస్తకం గానీ ఉంటే పారేయకండి. పట్టీని ఎండలో పెట్టొద్దు, పసుపు పట్టి వంగుతుంది. స్పిరిటుతో రుద్దొద్దు, గీతలు పోతాయి. మెత్తటి బట్టతో తుడిస్తే చాలు. పిల్లలకి చూపించి, పైన చెప్పిన అట్టపట్టీలు చేయించండి.

ఇంకో మాట, కార్ఖానాలో పని చేసే పిల్లలకి. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది, మంచిదే. అది సున్నాలు కూడా తానే పెడుతుంది కాబట్టి మనం అందాజు వేయడం మానేశాం. ఒక మీట తప్పు నొక్కితే పదింతలు తేడా వచ్చినా కనిపెట్టలేం. ముందు నోటిలెక్క, తర్వాత ఫోన్. రోజూ నేసింది ఎంతో, రేటు ఎంతో ఒక పుస్తకంలో రాసుకోండి.

చివరగా ఒక లెక్క ఇస్తున్నాను. సాంచె నిమిషానికి 160 పిక్కులు. ఎనిమిది గంటల పాళీ. నూటికి 80 వంతులు నడిచింది. బట్టలో ఇంచికి 48 పిక్కులు. ఎన్ని గజాల బట్ట రావాలి? మీ అట్టపట్టీ 35కీ 36కీ నడుమ ఎక్కడో చూపిస్తుంది. కాగితం మీద కడితే 35 గజాల 20 ఇంచులు వస్తుంది. ఆ 20 ఇంచుల కూలి కూడా నేసినవాడిదే, కాబట్టి కాగితం మీద కట్టడం మానకండి.